పెద్దయ్యగారి పేరు ఒప్పుకోని ప్రోగ్రాం

ఆ రోజుల్లో అని మొదలుపెట్టేంత వయసు నాకింకా మీద పడలేదు. కానీ సిగ్గుపడిన రోజులు ఎంత దగ్గరివైనా పాతబడిపోతే బాగుండునని ఉంటుంది కదా, అందుకని నేనూ ఆ రోజుల్లో అనే అంటాను. ఆ రోజుల్లో నేను ఇంజనీరింగు ముగించి, ఉద్యోగం రాక, చోడవరంలో మా ఇంట్లోనే ఉండేదాన్ని. ఆ దిగులంతా మా అమ్మది. నాకు మాత్రం బొత్తిగా దిగులు లేదు, ఎందుకంటే నాకు పైథాన్ వచ్చు. (ఈ మాట రాస్తుంటేనే చెవులు వేడెక్కుతున్నాయి.) వచ్చిందల్లా ఏమిటంటే, నల్లటి తెర మీద ఒక ప్రశ్న వెయ్యడం, మనిషి కీబోర్డు మీద ఏదో ఒకటి కొట్టేదాకా ఆగడం, కొట్టింది తీసుకుని దానికి తగ్గ మాట ఒకటి చెప్పడం. బొమ్మల్లేవు, బటన్లు లేవు. తెర అడుగుతుంది, మనం కొట్టి ఎంటర్ నొక్కుతాం, అంతే. అయినా ఒక యంత్రం నేను ఆగమన్న చోట ఆగి, చిన్న గీత మినుకుమినుకుమంటూ మనిషి కోసం ఎదురుచూస్తుంటే నాకు నేల మీద కాళ్ళు ఆనేవి కావు.

నా ప్రోగ్రాములకి మనిషంటే మా చెల్లే. దాన్ని కుర్చీలో కూర్చోబెట్టి కొట్టమనేదాన్ని. అది వయసు అడిగితే "చెప్పను" అని కొట్టేది, పేరు అడిగితే మోచెయ్యి తీసుకెళ్ళి కీబోర్డు మీద పెట్టేది. మొదట్లో అలాంటిది ఏది జరిగినా ప్రోగ్రాం బారెడు గొడవ కక్కి చచ్చిపోయేది. తర్వాత నేను తెలివి మీరి, ఏ తప్పు వచ్చినా పట్టుకుని, ఒక మాట అనేసి, మళ్ళీ పేరు అడిగేలా రాసుకున్నాను. (ఏ తప్పు వచ్చినా అన్నానే, నా కొంప ముంచింది ఆ మాటే.) ఇక ఆ అనే మాట ఎవరి కోసం? చెల్లి కోసమే కదా. మొదటిసారి తప్పు కొడితే "ఒసే గుంటా, కళ్ళు కనిపిస్తన్నాయేటే నీకు?" అని వచ్చేది. రెండోసారికి "నీ పేరు నీకే తెల్దేటే?" అని. మా ఇంట్లో ఉన్నది ఒకే కుర్చీ, దాని కోసం రోజూ కొట్లాట, అందుకని మూడోసారికి "నువ్వు మారవు గానీ లెగు, ఇంకొకల్ని కూకోనీ" అని పెట్టాను. తెలుగే గానీ రాసింది ఇంగ్లీషు అక్షరాల్లో. ఆ మూడూ వరసగా చూడ్డానికి చెల్లి కావాలని తప్పు కొట్టి, కుర్చీలో పొర్లి పొర్లి నవ్వేది. దాని నవ్వు చూసి నేనేదో సాధించాననుకునేదాన్ని.

మా పెద్దమ్మ మా చర్చిలో సండే స్కూలు టీచరు. ఆ ఎండాకాలం చుట్టుపక్కల సంఘాల పిల్లలందరికీ కలిపి బైబిలు వాక్యాల మీద క్విజ్ పెట్టాలనుకున్నారు. రావికమతం నుంచి, మాడుగుల నుంచి, బుచ్చయ్యపేట నుంచి పిల్లలొస్తారు. పెద్దమ్మ లేచి నిలబడి, "మా గుంట ఇంజనీరు. కంప్యూటర్లో సేసి ఎట్టేస్తాది" అని మాటిచ్చేసింది. ఇంటికొచ్చి దేంతో చేస్తావే అని అడిగితే పైథాన్ అన్నాను. "పామా? సర్చిలోకి పామెందుకే, ఇంకేటీ దొరకలేదా నీకు?" అంది. అది ఒక కంప్యూటరు భాషకి పెట్టిన ఉట్టి పేరేనని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక్కడ పెద్దయ్యగారి సంగతి చెప్పాలి. మా పాస్టరుగారిని అందరూ పెద్దయ్యగారనేవారు. మా నాన్న పెళ్ళి చేసింది ఆయనే, నాకూ చెల్లికీ పేర్లు పెట్టింది ఆయనే. అయితే అప్పటికి కొంతకాలంగా ఆయన వాక్యం చదువుతూ ఒక వరస వదిలేసి కింది వరసలోకి దిగిపోయేవారు. ఒకళ్ళననుకుని ఇంకొకళ్ళని పలకరించేవారు. ఆయన తర్వాత రావలసిన చిన్నయ్యగారు అప్పటికే వచ్చి, ఆదివారం ఆదివారం వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. పెద్దాయన దిగిపోతే బాగుణ్ణని షేర్ ఆటోల్లోనూ, పెళ్ళి భోజనాల బంతుల్లోనూ అందరూ అనుకుంటున్నారు. ఆయన ముందుకెళ్ళి చెప్పడానికి మాత్రం ఒక్కళ్ళకీ నోరు రావడం లేదు. ఆయనకి అది తెలియదని మేమందరం అనుకునేవాళ్ళం.

మా చర్చికి ఒక అలవాటుంది. పాటల పుస్తకాలు చిరిగిపోయాక, పాటలూ వాక్యాలూ ప్రొజెక్టరుతో గోడ మీద వేస్తున్నారు. ఇంగ్లీషు మీడియం పిల్లల కోసం ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వేస్తారు. గోడ మీద అక్షరం పడితే చాలు, సంఘమంతా గొంతు కలిపి, ఒక రాగంలో, చివరిదాకా చదివేస్తారు. ఏం పడింది, ఎందుకు పడిందని ఎవరూ చూడరు. ఒకసారి ప్రొజెక్టరులో బల్బు మార్చమని వచ్చిన హెచ్చరికని కూడా భక్తితో చదివారు. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. నేనూ వాళ్ళలో ఒకదాన్నే, నేనూ చదివినదాన్నే.

క్విజ్‌కి ముందురోజు ప్రోగ్రామంతా శుభ్రం చేశాను. జవాబులు అడిగే చోట ఉన్న వెటకారాలన్నీ తీసేసి, "దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అని మర్యాదగా పెట్టాను. పేరు అడిగే చోట మాత్రం ముట్టుకోలేదు. బద్ధకం కాదండీ, ఆలోచించే వదిలేశాను. జవాబు ఎవరైనా తప్పు కొడతారు గానీ, తన పేరు తాను తప్పు కొట్టుకునే మనిషి ఉంటాడా అనుకున్నాను. దీనికి తోడు, పేరంటే అందులో అక్షరాలు మాత్రమే ఉండాలనీ, ఇంకేమున్నా అది పేరు కాదనీ ముందే ఒక రూలు పెట్టి ఉన్నాను. ఇంటిపేరు మొదటి అక్షరం, దాని పక్కన ఒక చుక్క లేకుండా మన వైపు ఏ పెద్దమనిషి పేరైనా ఉంటుందా? నా సర్టిఫికెట్ల మీద నా పేరుకే ఉంది చుక్క. అదీ నాకు తట్టలేదు.

ఆ రోజు చర్చి కిటకిటలాడిపోయింది. మాడుగుల పిల్లలు గెలిచినవాళ్ళకిమ్మని హల్వా కూడా తెచ్చారు. ఫంక్షన్లకి వీడియో తీసే అబ్బాయిని అడిగి తెచ్చిన ప్రొజెక్టరు వెనకాల పెట్టి, అది జరక్కుండా నేను దాని పక్కనే నిలబడ్డాను. ల్యాప్‌టాప్ ముందు బల్ల మీద ఉంది. పెద్దమ్మ మైకు అందుకుని, "ఇప్పుడు మన పెద్దయ్యగారు తమ పేరు కొట్టి క్విజ్ ప్రారంభిస్తారు. ఇదంతా మా గుంటే రాసిందండి" అంది. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను తల వంచుకుని, వినయం నటించాను.

పెద్దయ్యగారు కుర్చీలో కూర్చుని, ముక్కు తెరకి తగిలేంత వంగి, ఒక్కొక్క అక్షరం వెతికి వెతికి కొట్టారు. ఇంటిపేరు అక్షరం, చుక్క, ఖాళీ, ఇంకో అక్షరం, ఇంకో చుక్క, ఆ తర్వాత పేరు. ఎంత శ్రద్ధగా కొట్టారంటే చూస్తున్న నాకే ముచ్చటేసింది. ఎంటర్ నొక్కారు. గోడ మీద అక్షరాలు పడ్డాయి. సంఘమంతా, పిల్లలు ముందు, ముసలివాళ్ళు అరమాట వెనక, రాగం తీసి చదివారు. "ఒసే గుంటా, కళ్ళు కనిపిస్తన్నాయేటే నీకు?" వెనక బెంచీల్లోంచి ఎవరో అలవాటు కొద్దీ "ఆమేన్" కూడా అన్నారు.

పెద్దయ్యగారు పక్కనున్న పెద్దమ్మ వైపు తిరిగి, "ఏటమ్మా, సరిగ్గా నొక్కలేదా నేను?" అన్నారు. నేను పరుగెడదామంటే మధ్యలో పిల్లలు చాపల మీద కిక్కిరిసి కూర్చున్నారు. వాళ్ళని తొక్కకుండా, తొక్కుతూ, సారీ చెబుతూ సగం దూరం వచ్చేసరికి ఆయన ఇంకోసారి ఎంటర్ నొక్కేశారు. "నీ పేరు నీకే తెల్దేటే?" ఈసారి ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ, పిల్లలకి ఉత్సాహం పెరిగి ఇంకా గట్టిగా చదివారు.

మూడోది ఏమిటో ఆ చర్చి మొత్తంలో తెలిసింది నాకూ చెల్లికీ మాత్రమే. అటు పక్క స్తంభం దగ్గర అది రెండు చేతులతో మొహం కప్పేసుకుంది. నేను బల్ల దగ్గరికి చేరాను. నల్లతెర ప్రోగ్రామును మధ్యలో ఆపాలంటే కంట్రోలూ, సీ కలిపి నొక్కాలి. నొక్కాను. అయితే, ఆగమన్న ఆజ్ఞ కూడా ప్రోగ్రాము లోపలికి ఒక తప్పు లాగే వెళుతుందట. (అప్పటికి నాకది తెలీదు, ఆ రాత్రి చదువుకున్నాను.) ఏ తప్పు వచ్చినా పట్టుకోమన్నాను కదా, పట్టుకుంది. పెద్దయ్యగారు కాదు, నేనే, నా చేత్తో నేనే మూడోమాట గోడ మీద వేశాను.

"నువ్వు మారవు గానీ లెగు, ఇంకొకల్ని కూకోనీ."

పెద్దలు చదవలేదు. వాళ్ళు నోళ్ళు గట్టిగా మూసుకున్నారు. పిల్లలకేం తెలుసు, వాళ్ళు చివరిదాకా చదివారు. ఎవరూ నవ్వలేదు. ఏడాదిగా ఆటోల్లో అనుకుంటున్న మాటని ఎవరో తీసుకొచ్చి గోడకి అంటించినట్టు అయిపోయింది. నేను ల్యాప్‌టాప్ మూత ఠపీమని వేసేసి, తల ఎత్తకుండా అలాగే నిలబడ్డాను.

పెద్దయ్యగారు బల్ల పట్టుకుని మెల్లిగా లేచారు. మైకు అక్కర్లేని గొంతు ఆయనది. "గోడ మీదున్నది చదివేం కదర్రా. చదివేక చెయ్యాలి మరి" అని నవ్వి, "చిన్నయ్యగారూ, ఇలా రండి బాబూ" అని పిలిచారు. చిన్నయ్యగారు వెనక బెంచీ మీద నుంచి కదలరు. పెద్దయ్యగారే బెంచీలు తడుముకుంటూ వెళ్ళి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, భుజం నొక్కి కుర్చీలో కూర్చోబెట్టారు. చిన్నయ్యగారు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. క్విజ్ నోటితోనే జరిగింది. పెద్దమ్మ ప్రశ్నలడిగింది, పిల్లలు చేతులెత్తారు, ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు. ఇంటికెళ్ళే దారిలో పెద్దమ్మ ఒక్కటే అంది. "సదువుకున్న గుంటవని నెత్తి మీద ఎట్టుకున్నాను కదే నిన్ను."

తర్వాతి ఆదివారం పెద్దయ్యగారు తాను తప్పుకుంటున్నానని చెప్పారు. అసలు సిగ్గు నాకు అప్పట్నుంచే మొదలైంది. తిడతారనుకున్నవాళ్ళు వచ్చి నా భుజం తట్టడం మొదలుపెట్టారు. "మేం నోరిప్పలేక సస్తంటే నీ మిషను అనీసింది సూడు" అన్నాడొకాయన. ఒకావిడ హల్వా పొట్లం కూడా తెచ్చి చేతిలో పెట్టింది. ఆ హల్వా నేను ముట్టుకోలేదు, చెల్లే తినేసింది.

చివరికి ధైర్యం తెచ్చుకుని, చెల్లిని వెంటబెట్టుకుని పెద్దయ్యగారింటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. దారంతా బట్టీపట్టిన క్షమాపణ ఆయన్ని చూడగానే ఎగిరిపోయింది. "అయ్యగారూ, అవి మా చెల్లి కోసం రాసినవండి, మీకని కాదండి" అని మాత్రం అనగలిగాను.

"తెలుసమ్మా. ఒసే అంటే నన్నే అనుకుంటానేటి?" అని ఆయన పెద్దగా నవ్వారు. "లెగమన్నందుకు నాకేటీ బాధ లేదు. లెగాల్సినోణ్ణే. ఎవులూ సెప్పరేటా అని నానే సూస్తన్నాను." నా వైపు కాకుండా చెల్లి వైపు తిరిగి, దాన్నే నేననుకుని అన్నారు. "గానీ మొదట ఒకటడిగింది సూడు నీ మిషను, కళ్ళు కనిపిస్తన్నాయా అని. ఇంత సంఘంలో ఆ మాట నన్నడిగింది అదొక్కటేనమ్మా. ఎవులైనా అడిగితే, కనబడట్లేదర్రా అని సెప్దామనుకున్నాను."

నాకు ఏడుపు ఆగలేదు. ఆయన వరసలు వదిలేసి చదువుతుంటే నేను చూడలేదా? చూశాను. చూసి, చెల్లి డొక్కలో మోచేత్తో పొడిచి, ఇద్దరం తలలు వంచుకుని నవ్వుకున్నాం కూడా. ఆ వారమే పెద్దమ్మా నేనూ ఆయన్ని అనకాపల్లి తీసుకెళ్ళి కళ్ళు చూపించాం. ఆపరేషను చేస్తే ఒక కన్ను బాగుపడింది. రెండోదానికి ఆలస్యమైపోయిందన్నారు డాక్టరుగారు. ఎంత ఆలస్యమని నేను అడగలేదు.

ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాను. నేను రాసే ప్రోగ్రాములు మనిషి తప్పు కొడితే మర్యాదగా, కొంచెం సాగదీసి మాట్లాడతాయి. పేర్లలో చుక్కలు, ఖాళీలు ఎన్ని ఉన్నా తీసుకుంటాయి, ఆగమంటే ఆగుతాయి. "ఇంత చాదస్తం ఎందుకు మేడం?" అని కొత్తగా చేరిన పిల్లలు నవ్వుతారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వేసి ఊరుకుంటాను. అప్పుడు ఆ ఎండాకాలంలో, ఆ ఒక్క కుర్చీలో పైథాన్ వచ్చని మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్న పిల్ల నాకు కనిపిస్తుంది. ముందు దాని వీపు మీద ఒక్కటిచ్చుకోవాలనిపిస్తుంది, ఆ వెంటనే జాలేస్తుంది. లోకంలో ఎవరు ఏ తప్పు కొట్టినా పట్టుకునేలా రాశాననుకుంది పాపం. అప్పటికి దానికి తెలిసిన లోకమల్లా, అదే కుర్చీలో కూర్చుని పొర్లి పొర్లి నవ్వే చెల్లెలు ఒక్కతే.