జైనబ్‌కు వచ్చిన ఫోను

ఒక అబద్ధం ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చుని ఉంది. దించుకోవడానికి మనిషి దొరకలేదు. ముఖం తెలియని మీకైతే చెప్పగలననిపిస్తోంది. ఓదార్చొద్దు. వినండి చాలు.

ఇప్పుడు మా వీధి తవ్వుతున్నారు. సర్కారు డబ్బుతో పల్లెలకు వేగంగా నడిచే ఇంటర్నెట్ ఇస్తారట. ఊరి పిల్లలు సంబరపడుతున్నారు. నాకు మాత్రం తొంభైలలో ఇదే వీధిలో స్తంభాలు పాతి ఊరికి మొదటి ఫోను తెచ్చిన రోజులు గుర్తొచ్చి అన్నం సయించడం లేదు.

అదీ సర్కారు ఖర్చే. ఊరికొక ఫోను, ఊరందరిదీ. కొత్తకోటకు అవతల, వానలను నమ్ముకోలేని పల్లె మాది. మగవాళ్లలో చాలామంది మేస్త్రీల వెంట బొంబాయి పోయి మట్టిపని చేసేవాళ్లు. మా మామ పోస్టు పని చూసేవాడు కాబట్టి ఫోను మా ముందు గదిలో పెట్టారు. అటువైపు మనిషి ఒకసారి చేసి, ఎవరు కావాలో చెప్పి పెట్టేస్తాడు. నేను వెళ్లి వాళ్లను పిలుచుకొస్తాను. కాసేపటికి మళ్లీ మోగుతుంది. వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. వెళ్లినా వినిపించేది.

నా భర్త కూడా బొంబాయిలోనే ఉండేవాడు. ఊరందరికీ ఫోన్లు వచ్చాయి. నాకు రాలేదు.

జైనబ్ మా వెనక వీధిలో ఉండేది. ఆమె భర్త యాకూబ్ ప్రతి శుక్రవారం ఫోను చేసేవాడు. ఆమె తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, గోడ వైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ నవ్వు నాకు గిట్టేది కాదు. గిట్టేది కాదా, నాకూ కావాలనిపించేదా? ఒకసారి సిగ్గు విడిచి, మా ఆయనను ఫోను చేయమని చెప్పమని యాకూబ్‌ను అడిగాను.

మరుసటి శుక్రవారం యాకూబ్ ఫోను చేశాడు.

"మా ఆయనకు చెప్పినవా తమ్మీ?" అన్నాను.

"చెప్పినక్కా. నవ్వి ఊకున్నడు. జర జైనబ్‌ను పిలువక్కా. మేస్త్రీ మమ్ముల యాడనో కొండల్ల సొరంగం పనికి తోల్కపోతనంటుండు. నాకు పోబుద్ధి అయితలేదు. ఆమె ఏమంటదో అడిగి చెప్త అన్న. మళ్ల చేస్త."

పెట్టేశాడు. నేను గడప దాకా వెళ్లాను. అక్కడే ఆగిపోయాను. నవ్వాడట. ఇంతమంది పెళ్లాలను ఎండలో తిరిగి తిరిగి పిలుచుకొచ్చే నన్ను తలచుకుని, నాకు ఫోను చేయడానికి బదులు నవ్వాడట. వెనక్కి వచ్చి పీట మీద కూర్చున్నాను. ఫోను మోగింది.

"జైనబ్ ఊర్లె లేదు. తల్లిగారింటికి పోయింది."

"నాకు చెప్పకుంటనె పోయిందా?"

"ఏమో తమ్మీ."

"సరే అక్కా. మేస్త్రీ ఇయ్యాల్నే మాట చెప్పుమంటుండు. పోతున్ననని చెప్పు."

అదీ చెప్పలేదు. చెబితే నా అబద్ధం బయటపడుతుంది. సాయంత్రం జైనబ్ తానే వచ్చి అడిగితే, లైను ఖరాబైందన్నాను. లైను పోవడం మా దగ్గర మామూలే. నమ్మింది.

కొండల్లో ఫోను లేదేమో, ఆ తర్వాత శుక్రవారాలు యాకూబ్ ఫోను రాలేదు. ఆ సొరంగం కూలింది. ఆ కబురు కూడా మా ఫోనుకే వచ్చింది. ఆ రోజు మాత్రం చెప్పులు వేసుకోకుండా పరుగెత్తి జైనబ్‌ను పిలుచుకొచ్చాను.

ఎందుకు చేశాను? ఆమెకు కీడు జరగాలని కాదు. ఒక్క శుక్రవారం ఆమె కూడా నాలాగే ఎదురుచూసి ఊరకుండాలని, అంతే. అంతేనని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. కానీ మేస్త్రీ సంగతి విన్నాకే కదా గడప దగ్గర ఆగాను? ఆమె మాట కోసం అతను కాచుకుని ఉన్నాడని తెలిసే ఆగాను.

జైనబ్ ఇప్పుడు కొత్తకోటలో కూతురి దగ్గర ఉంటోంది. ఆమధ్య ఒక పెళ్లిలో కనబడి, నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "సచ్చిపోయిండని ఏడ్చి ఏడ్చి ఊకున్ననక్కా. నన్ను ఒక్క మాట అడగకుంట పోయిండు సూడు, గదొక్కటి మాత్రం మాఫ్ చేయలేకపోతున్న" అంది. చెప్పాలని నోరు తెరిచాను. బువ్వ తిన్నవా అని అడిగాను.

ఇంటికొచ్చి ఒక్కదాన్నే కూర్చున్నాను. నన్ను తిట్టడానికైనా ఇంట్లో మరో మనిషి లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. రాస్తుంటే గుండె కొంచెం తేలికపడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. యాకూబ్ ఆమెను అడగడానికే ఫోను చేశాడు. ఆమె ఇంట్లోనే ఉంది. నేను పిలవలేదు.