ముక్కల మాస్టారు

మా ముక్కల మాస్టారికి ఒకటే పిచ్చి. పిల్లలు చేసిన మట్టిబొమ్మ ఏదీ పగలకుండా ఇంటికి వెళ్లకూడదు.

చరిత్ర పాఠానికి తోడుగా పాతకాలపు బొమ్మలు చేయించమని ఆయన్ని బడిలో పెట్టుకున్నారు. తొమ్మిది మంది పిల్లలు ఒక శనివారం చేస్తారు, ఆరాక బడి బట్టీ చూసుకునే నేను కాలుస్తాను. బట్టీ చల్లారాక తెరిచేది మాత్రం ఆయనే, నన్ను దగ్గరికి రానివ్వరు. మరుసటి శనివారం పిల్లలు వచ్చేసరికి బల్ల మీద తొమ్మిది ముక్కల గుట్టలు. ఈజిప్టు పిల్లికి తోక ఉండదు, రోము సైనికుడికి తల ఉండదు.

"సార్, నా ఎద్దు!" అని ఒకడు గొల్లుమనేవాడు.

"వేల ఏళ్లు భూమిలో పడున్న ఎద్దుకు కొమ్ములుంటాయట్రా? జిగురు తీసుకో, అతికించు."

పిల్లలు కాసేపు ఏడ్చి, అతికించి, చివరికి ఆ అతుకుల గురించే గొప్పలు పోయేవారు. పెద్దవాళ్లకే మింగుడుపడేది కాదు.

"మావాడు ఏనుగు చేశానన్నాడే?" అని ఒక తండ్రి నిలదీశాడు.

"ఏనుగేనండీ. కాళ్లింకా తవ్వకాల్లో బయటపడలేదు."

నేనూ లోలోపల తిట్టుకునేదాన్ని. పూటంతా మంట దగ్గర మాడేది నేనాయె. కడుపు మండదూ?

ఆ తొమ్మిది మందిలో ఒక పిల్ల ఉండేది. బస్సు ప్రమాదంలో తల్లి పోయింది, పిల్ల ఎడమచేతిలో పట్టు పోయింది. ఆ రోజు నుంచి మాట కూడా మానేసింది. ఈ తరగతికి తప్ప గడప దాటేది కాదు. తన మట్టి తనే పిసుక్కోవాలి. ఒకసారి మాస్టారు జాలిపడి ఆ మట్టి మీద చెయ్యి వేస్తే రెండు వారాలు రాలేదు. ఒంటిచేత్తో ఎంత పిసికినా లోపల గాలి మిగులుతుంది. గాలి మిగిలిన బొమ్మ బట్టీలో పేలుతుంది. ఇంత తెలిసిన నాకు కూడా మిగతాది తట్టలేదు.

ఏడాది చివర ప్రదర్శన పెట్టారు. "ఒక్కటి పగిలి కనిపించినా మీ తరగతి ఎత్తేస్తాను" అని హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పింది. ఆ ఉదయం నేను పెందలాడే వెళ్లాను. ఎనిమిది బొమ్మలు నిక్షేపంగా ఉన్నాయి. ఆ పిల్ల గుర్రం ఒక్కటే ముక్కలైంది. మాస్టారి చేతిలో సుత్తి.

"ఇవాళైనా ఆగండి మాస్టారూ, ఉద్యోగం పోతుంది!"

"ఆగితే బట్టీలో పగిలింది దానిదొక్కటే అవుతుందమ్మా. తన చేతి వంక చూసుకుంటుంది. ఇక రాదు."

ఇన్నాళ్లూ తిట్టినందుకు సిగ్గేసింది. ఒక్కో బొమ్మా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

హెడ్మిస్ట్రెస్ వచ్చి నిప్పులు చెరిగింది. "ఎవరు చేశారిది?"

"నేనే," అన్నారు మాస్టారు.

"అన్నీనా?"

"అన్నీ."

"సాయంత్రంలోగా గది ఖాళీ చేయండి."

అప్పుడు పిల్లల్లోంచి ఒక గొంతు వినిపించింది. చాలా నెలలుగా ఎవరూ వినని గొంతు.

"నా గుర్రాన్ని కూడానా?"

మాస్టారు ఆ పిల్ల వైపు తిరిగారు. "అవునమ్మా, నేనే."

"మనసెలా ఒప్పింది మీకు? కాళ్లకే రెండు గంటలు పట్టింది తెలుసా? ఎంత బాగా చేశాను! సిగ్గులేదూ?"

ప్రదర్శన చూడడానికొచ్చిన ఆ పిల్ల తండ్రి గుంపును తోసుకుని కూతురి మాట వినడానికి దగ్గరికొచ్చాడు. అది తిడుతూనే ఉంది. మాస్టారు తలవంచుకుని వింటున్నారు. ఉద్యోగం ఊడిన మనిషి ముఖం అంతలా వెలగడం నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు తరగతి మా పెరట్లో రేకుల కింద. బడి వదిలి నేనూ ఒక చిన్న బట్టీ కట్టుకున్నాను. ఆ పిల్ల అందరికంటే ముందొచ్చి, మాస్టారి వైపు గుర్రుగా చూసి, తన మట్టిముద్ద తెచ్చి నా ఒళ్లో పడేస్తుంది.

"గట్టిగా పిసుకు అత్తా. ఈసారి ఆయన సుత్తితో కొట్టినా పగలకూడదు."