అరచెయ్యి పట్టేంత చోటు

మా అత్తయ్య పోయిందన్న కబురూ, ఆవిడని పాతిపెట్టడానికి పెట్టె దొరికిందన్న కబురూ నాకు ఒకే ఫోనులో వచ్చాయి. తునిలో నేను పాఠం చెప్పే బడిలో చివరి పీరియడు జరుగుతోంది. బాబాయి ఫోను. "అమ్మా, మీ అత్తయ్య ఇంక లేదే. భోంచేసి పడుకుంది, మరి లేవలేదు" అన్నాడు. బాబాయి కాసేపు ఏడ్చి, ముక్కు చీదుకుని, "నువ్వు కంగారు పడకుండా రా. పెట్టె సంగతి కూడా మాట్లాడేశాను. రెడీమేడ్‌ది ఒకటుందంట. కొంచెం ఇరుకేగానీ ఎలాగోలా సర్దేస్తామన్నారు" అన్నాడు.

ఆ "సర్దేస్తాం" అన్న మాట వినగానే ఏడుపు సంగతి మర్చిపోయాను. ఒళ్లు మండిపోయింది. "బాబాయ్, ఆ పెట్టె ఇంటికి తెచ్చారంటే ఊరుకోను. నేనొచ్చేదాకా అత్తయ్యని ఎవ్వరూ ఎందులోనూ సర్దొద్దు" అని పిల్లలందరి ముందూ అరిచాను. పాపం, వాళ్లు బిక్కచచ్చిపోయారు. ఎందుకంత కోపం వచ్చిందో మీకు తెలియాలంటే మా అత్తయ్య ఇంట్లో కట్టుకున్న కారు గురించి చెప్పాలి.

అత్తయ్య మా నాన్నకీ బాబాయికీ అక్క. రాజమహేంద్రవరంలో ఆడపిల్లల పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "చేసుకోవాలనిపించలేదండి" అని, కాఫీ తాగుతారా అని అడిగేది. మనిషి ఎత్తు, లావు. ఈ మాట నేను మెత్తగా చుట్టి చెబితే ఆవిడ సమాధిలోంచి లేచొచ్చి మొట్టికాయ వేస్తుంది. "లావంటే బూతా ఏంటే? లావుగా ఉన్నాను, లావనే చెప్పు" అనేది.

హ్యాండుబ్యాగులో ఎప్పుడూ ఆరంగుళాల స్కేలు, గీసిన పెన్సిలు ఉండేవి. పెళ్లిళ్లకి వెళ్తే చేతుల్లేని చెక్క కుర్చీ ఒకటి ఆటోలో వెంట తీసుకెళ్లేది. అంతకు ముందు ఒక పెళ్లిలో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేస్తే కుర్చీ కూడా ఆవిడతోపాటు లేచింది. పందిరి కింద జనం నవ్వు ఆపుకోలేకపోయారు. అత్తయ్య కుర్చీని ఊడబీకి, తిప్పి చూసి, స్కేలు పెట్టి కొలిచి, "మనిషి తప్పు కాదండీ, ఇది కుర్చీ తప్పు" అని పెళ్లి పెద్దకి అప్పజెప్పింది. షేర్ ఆటోలో ముగ్గురు పట్టే సీట్లో నలుగుర్ని ఎక్కించి, డ్రైవరు వెనక్కి తిరిగి ఆవిడ ఒక్కదాని వైపే చూసి "కొంచెం సర్దుకోండమ్మా" అనేవాడు. పక్కన కూర్చున్న నాకు రక్తం మరిగిపోయేది. ఆవిడ మాత్రం కిటికీ లేని ఆ పక్కకి మొహం తిప్పుకుని గోదావరి వైపు చూసేది.

రిటైరయ్యాక ఏదో ఒక వ్యాపకం పెట్టుకోమని అందరూ చెప్పారు. బాబాయి చర్చిలో బైబిలు తరగతి నడపమన్నాడు. పక్కింటి కిరాణా కొట్టావిడ అల్లికలు నేర్పమంది. అత్తయ్య ఇనప పైపులు కొంది. స్పోర్ట్స్ కారు కడుతుందట! పొడుగు ముక్కు, రెండే సీట్లు, టాపు ఉండదు, నేలకి జానెడెత్తులో కూర్చుని నడపాలి. ఇంజనూ ఇరుసులూ ఒక పాత కారువి. ఛాసిస్, అంటే మనిషికి ఎముకల గూడులాంటి ఆ ఇనప చట్రం మాత్రం సొంతంగా చేయించుకోవాలి. "ఇన్నేళ్లూ ఎవరో చేసిన సీట్లో ఎక్కి కూర్చున్నానే. ఒక్కసారి నా సీట్లో నేను కూర్చుంటాను" అంది. ఆవిడ కోరికల్లా అదే.

వెల్డింగుకి పెద్దాపురం నుంచి వచ్చి ఊరి చివర రేకుల షెడ్డు పెట్టుకున్న మరిడయ్య గారు కుదిరారు. కంప్యూటర్లో దొరికిన ప్లానులు సన్నటి మగవాళ్ల కోసం గీసినవి, కొలతలు మార్చుకోవాలని అత్తయ్యకి తెలుసు. అక్కడే పప్పులో కాలేసింది. మా వైపు ఆడవాళ్ల కొలతలన్నీ దర్జీ దగ్గరే ఉంటాయి కదండీ. అత్తయ్య కూడా ఎప్పుడూ కుట్టే దర్జీ దగ్గరకి వెళ్లి, కొత్తగా కొలతలు తీయించుకుని, వాటితోనే డ్రాయింగు గీసి మరిడయ్య గారికి ఇచ్చేసింది. జీవితమంతా కొలతలు నేర్పిన మనిషి!

చట్రం తయారయ్యాక బాబాయిని, నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్లింది. ఎర్ర రంగు పూసిన పైపులు చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. ఒక కాలు లోపల పెట్టింది, రెండో కాలు పెట్టింది, కూర్చోబోయింది. పక్క పైపుకీ, మధ్యలో గేరు రాడ్డు కోసం కట్టిన గట్టుకీ నడుమ ఇరుక్కుపోయింది. కిందికి దిగదు, పైకి రాదు. మరిడయ్య గారు తలగీరుకుని, "బండి బ్రమ్మాండంగా వచ్చిందండి. తవరే ఓ ఆర్నెల్లు రాత్రిపూట చపాతీలు తిన్నారంటే సరిపోద్దండి" అన్నారు. మా బాబాయి ఊరుకోవచ్చుగా, "అందుకే అక్కా పెద్దలన్నారు, దుప్పటి ఉన్నంత వరకే కాళ్లు చాపుకోవాలని" అన్నాడు.

ఇరుక్కున్నది ఇరుక్కున్నట్టే ఉండి, అత్తయ్య బాబాయి వైపు చూసింది. "దుప్పటి నేనే నేయించుకుంటున్నప్పుడు కాళ్లెందుకు ముడుచుకోవాల్రా?" అంది.

బయటికి లాగడానికి ముగ్గురం పట్టాల్సి వచ్చింది. తొడ పక్కన పంజాబీ డ్రెస్సు చిరిగింది. ఇంటికెళ్లగానే అత్తయ్య స్నానాల గదిలోకి వెళ్లి కొళాయి తిప్పింది. చాలాసేపు ఆ నీళ్ల చప్పుడే వినిపించింది. ఏడుస్తోందని నాకు తెలుసు. ఆ గొడవంతా అక్కడితో ఆగిపోతుందనే అనుకున్నాను. ఆవిడ మొహం తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "దర్జీ ముందు పొట్ట లోపలికి లాక్కున్నానే. వద్దనుకున్నా లాక్కున్నాను. ఊపిరి బిగబట్టి ఇచ్చిన కొలతతో చేసిన బండిలో ఊపిరి బిగబట్టే కూర్చోవాలి. తప్పు నా ఒంటిది కాదు, ఆ సిగ్గుది. రేపు మళ్లీ కొలుద్దాం" అంది.

మర్నాడు పొద్దున్నే వాకిట్లో ముగ్గు పోస్తోంది. మాది లూథరన్ క్రైస్తవుల ఇల్లు, ఆ వాకిట్లో ఏనాడూ ముగ్గు పడలేదు. కిరాణా కొట్టావిడ గోడ మీంచి తొంగి చూసి, "ఏంటండీ టీచరు గారూ, మతం మార్చేశారా?" అంది. "మతం కాదండీ, కొలత మార్చాను" అంది అత్తయ్య తలెత్తకుండానే. ఇల్లు కట్టే ముందు పునాదికి పోసినట్టు, ఛాసిస్ మొత్తం అసలు సైజులో నేల మీద పోసేసింది. ముక్కు, చక్రాలు, సీటు, అన్నీ.

తర్వాత సీటు దగ్గర కింద కూర్చుని, వీపు వెనక ఒక చెక్క ఆనించుకుంది. ఊపిరి వదిలింది. పొట్ట వదిలింది. "ఇప్పుడు ఇటుకలు జరుపు" అంది నాతో. అటూ ఇటూ పక్క పైపుల్లాగా ఇటుకలు పేర్చాను. "తుంటికీ ఇటుకకీ మధ్య నీ అరచెయ్యి దూర్చు. నిటారుగా పెట్టి కాదు, వెడల్పంతా పట్టేలా నేలకి పరిచి. రెండు వైపులా చూడాలి." చెయ్యి పట్టలేదు, ఇటుక జరిపాను. మళ్లీ పెట్టాను. పట్టింది. చర్చికి వేసుకెళ్లే చెప్పులు పెడల్స్ దగ్గర పెట్టించి అక్కడా చూసింది, మోకాలు వంచి స్టీరింగు కిందా చూసింది. అన్ని చోట్లా అదే లెక్క. "ఈ అరచెయ్యంత చోటు సుఖం కోసం కాదే, మర్యాద" అంది.

బాబాయి వచ్చి చూసి, "ఈ అవస్థంతా ఎందుకక్కా, ఏకంగా ఓ అడుగు పెంచేయమను, గొడవొదిలిపోద్ది" అన్నాడు. "అడుగు పెంచితే చక్రం వచ్చి పైపుకి రాసుకుంటుందిరా. ఇరుసు పాత కారుది, అది నా కోసం సాగదు. పైగా సీటు మరీ వదులైతే మలుపులో అటూ ఇటూ దొర్లుతాను. నాకు పెద్దది వద్దు, నాకు సరిపోయింది కావాలి" అంది. చివరికి వెడల్పులో నాలుగంగుళాలు, కాళ్ల దగ్గర మూడు తేలాయి. మరిడయ్య గారు ఎర్రరంగు చట్రాన్ని నడిమికి కోస్తూ ప్రాణం పోయినట్టు మూలిగారు. అత్తయ్య దగ్గరుండి కోయించింది.

ఇంట్లో కట్టిన బండికి రోడ్డు మీద అనుమతి రాదని మాకు ముందే తెలుసు. అందుకని కారు పూర్తయ్యాక చిన్న లారీకెక్కించి, తెలిసినవాళ్ల రియల్ ఎస్టేట్ వెంచరుకి తీసుకెళ్లాం. ఇళ్లు లేవు, తారు రోడ్లు మాత్రం ఉన్నాయి. అత్తయ్య తలకి తువ్వాలు చుట్టుకుని, లోపల కాళ్లు పెట్టి, కూర్చుంది. అలా కూర్చోవడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు. ఏ అంచునా ఒదగకుండా, ఎవరికీ క్షమాపణ చెప్పకుండా కూర్చుంది. కాసేపు కళ్లు మూసుకుని ఉండి, "తమ్ముడూ, ఎక్కు" అంది. పక్క సీటుకి మాత్రం పాత ప్లాను కొలతే ఉంచేసింది. బాబాయి మోకాళ్లు గడ్డానికి తగిలేలా ముడుచుకుని "ప్రభువా, ప్రభువా" అంటుంటే, అత్తయ్య గేరు మార్చి, వెంచరంతా వినబడేలా "సర్దుకోరా, కొంచెం సర్దుకో!" అని అరుస్తూ మలుపు తిప్పింది. వాచ్‌మన్ మేకలు చెల్లాచెదరయ్యాయి. నేను రోడ్డు మధ్యలో నిలబడి కడుపు పట్టుకుని నవ్వాను.

అదీ సంగతి. ఇప్పుడు చెప్పండి, అలాంటి మనిషిని ఇరుకు పెట్టెలో సర్దడానికి నేనెలా ఒప్పుకుంటాను?

నేను వెళ్లేసరికి అత్తయ్య ముందు గదిలో మంచం మీద ఉంది. ఆవిడ హ్యాండుబ్యాగులోంచి స్కేలు తీసి నా అరచెయ్యి వెడల్పు చూసుకున్నాను. దర్జీ టేపు ముట్టలేదు. పురికొసతో ఆవిడ భుజాల దగ్గరా తుంటి దగ్గరా కొలిచి, రెండు వైపులా నా అరచెయ్యి కలిపాను. ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. పాస్టరు గారు నెమ్మదిగా, "అమ్మా, ఆత్మ వెళ్లిపోయింది. మిగిలింది మట్టే కదా" అన్నారు. "మట్టికి మాత్రం ఇరుకెందుకండీ?" అన్నాను. ఆయన మంచాయన, పక్కకి తప్పుకుని నాకు చోటిచ్చారు. వడ్రంగిని పిలిపించి కొలతలిచ్చాను. "ఇంత వెడల్పు ఎవరూ చేయించుకోరమ్మా, గొయ్యి కూడా సరిపోదు" అన్నాడు. "అయితే గొయ్యి కూడా కొలతకే తవ్విద్దాం" అన్నాను.

పొద్దున్న సమాధుల తోటలో తవ్వేవాళ్లు మామూలు సైజులో మొదలుపెట్టబోతున్నారు. ఆపమన్నాను. నేను మాట్లాడుతుండగానే మా బాబాయి ఎక్కడికో వెళ్లిపోయాడు. నాతో గొడవెందుకని తప్పుకున్నాడు కాబోలు అనుకున్నాను. కాసేపటికి స్కూటరు మీద వచ్చాడు. ముందర అత్తయ్య ఇంట్లోని ముగ్గు సంచీ, ఒక తాడూ. తాడు ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకున్నాడు. ఇద్దరం వంగి, గుప్పిళ్లతో ముగ్గు పోశాం. అన్ని పాత సమాధుల మధ్యా మా అత్తయ్య కొలత తెల్లగా, నిక్కచ్చిగా కనబడింది. "ఇదిగో, దీని మీదే తవ్వండి. ఒక్క అంగుళం తగ్గినా ఒప్పుకోం" అన్నాడు బాబాయి.

చావు కబురు చెప్పే కరపత్రంలో "ప్రభువునందు నిద్రించారు" అని వేశారు. నిద్రలోనే పోయింది కాబట్టి నాకేం అభ్యంతరం లేదు. పెట్టె వచ్చింది. ఆవిడని అందులో పడుకోబెట్టారు. తెల్ల చీరలో, చేతులు వదులుగా, ఎక్కడా నొక్కుకోకుండా పడుకుంది. పాట అయిపోయింది. మూత తెస్తున్నారు. "ఒక్క నిమిషమండి" అని నేను మోకాళ్ల మీద కూర్చుని, ఆవిడ తుంటికీ చెక్కకీ మధ్య చెయ్యి పరిచి దూర్చాను.

పట్టింది.

చెయ్యి తీసేసరికి ఎదురుగా బాబాయి కూడా మోకాళ్ల మీద ఉన్నాడు. "రెండు వైపులా చూడాలి కదే" అన్నాడు, కళ్ల నీళ్లు గడ్డం మీదికి కారుతుంటే. తన పక్కన చెయ్యి దూర్చి, అలాగే కాసేపు ఉంచి, తలూపాడు.

ఇద్దరి చేతులకీ ముగ్గు ఇంకా పోలేదు. పెట్టె అడుగు చెక్క మీద ఆ వైపు ఒకటి, ఈ వైపు ఒకటి తెల్లటి అరచేతులు పడ్డాయి. ఎవరో తుడవబోతే బాబాయి వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపాడు. వాటి మధ్య మా అత్తయ్య హాయిగా పడుకుని ఉండగా మూత వేశారు.