నాలుగు మూతల తెర

ఎస్తేర్ టాబ్లెట్ మీది నూనె జిడ్డును పాత నూలు గుడ్డతో తుడుస్తోంది. నాచారంలో పచ్చళ్లు సీసాలకెత్తే షెడ్డుకు పొద్దున్నే వెళ్లి, అడిగి తెచ్చిన టాబ్లెట్ అది. ఒక మూల పగిలింది. ఉప్పల్ మెట్రో పక్క సందులోని వాళ్ల సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అంత మురికి వస్తువు బల్ల ఎక్కడం అదే మొదలు.

తుడిచాక, ఆఫీసు మూడు వారాలుగా ఆ షెడ్డు కోసం తయారుచేస్తున్న యాప్ నమూనాను అందులో తెరిచింది. తెల్లటి తెర మధ్య చక్రం తిరిగింది. ఆమె సీసా ఎత్తి నీళ్లు తాగి మూత పెట్టినా తిరుగుతూనే ఉంది.

ఆమె లాలాపేట్‌లో ఫ్లెక్సీ బోర్డుల షాపులో తొమ్మిదేళ్లు పనిచేసింది. వెబ్ పేజీలు రాయడం ఆ షాపు కంప్యూటర్ మీదే సొంతంగా నేర్చుకుంది. రోడ్డవతలి మనిషి చదవలేని బోర్డు దండగ అని అక్కడ తెలిసింది. ఇక్కడ టీమ్ లీడ్ తేజేష్ మూడు వారాల్లో రెండు వారాలు యాప్ కట్టడానికి ఏ ఫ్రేమ్‌వర్క్ గొప్పదో పట్టిక గీయడానికే వాడాడు. ఈ పొద్దున ఎస్తేర్ వెళ్లేదాకా షెడ్డు ముఖం ఎవరూ చూడలేదు.

షెడ్డు యజమాని త్రిమూర్తులు అడిగింది చిన్న పని. సీసా నింపిన మనిషి తెర మీద పచ్చడి పేరు నొక్కితే దాని లేబుల్ రావాలి. నొక్కడం రానివాళ్లను లైను నుంచి తీసేస్తానన్నాడు. మధ్యాహ్నం మూడింటికి మొదటి పరీక్ష ఆ లైనులోని రాజ్యానికి. ఆమె పద్నాలుగేళ్లుగా అక్కడే నిలబడి సీసాలు నింపుతోంది. చదువు రాదు.

"తేజేష్, ఇది రాజ్యమక్క చేతిల నడవది."

"నా లాప్‌టాప్‌లో సెకనులో వస్తోంది ఎస్తేర్ గారూ. కొత్త టాబ్లెట్ కొనుక్కోమందాం."

"ఆ షెడ్డుల సిగ్నలే లేదు. రేకుల కింద మీ ఫాంట్లు ఏడికెళ్లి దిగుతయ్? అసలు వాడే మనిషిని ఎన్నడన్న సూసినవా?"

యాప్ వాడే మనిషి ఇలా ఉంటుందని ఊహించి గోడకు అంటించిన బొమ్మను తేజేష్ చూపించాడు. నవ్వుతున్న అమ్మాయి. కింద "సరోజ, డిగ్రీ, టెక్నాలజీ అంటే ఇష్టం" అని ఉంది. "మన యూజర్ ఈవిడే కదండీ" అన్నాడు.

ఎస్తేర్ ఆ బొమ్మకు వీపు పెట్టి టాబ్లెట్ ముందుకు లాక్కుంది.

పొద్దున షెడ్డులో ఆమె రాజ్యాన్ని ఒక్కటే అడిగింది. "అక్కా, ఏది గోంగూరో ఎట్ల తెలుస్తది నీకు?"

"మూత సూసి బిడ్డా. పచ్చది గోంగూర, ఎర్రది ఆవకాయ, పసుపుది నిమ్మ, తెల్లది ఉసిరి. పేరు సదివి ఎవలు నింపుతరు?" రాజ్యం వేళ్లన్నీ నూనె. హాజరు గడియారం బటన్‌ను కూడా వేలి కణుపుతోనే నొక్కింది.

ఎస్తేర్ పని మొదలుపెట్టింది. ముందు ఎవరో రాసిపెట్టిన ఒక చిన్న కోడ్ లైబ్రరీ తీసుకుంది. అది మంచిదే, చదివితే అర్థమయ్యేలా ఉంది. కానీ నాలుగు మీటలకు అదీ బరువే అనిపించి తీసేసింది. చివరికి మిగిలింది ఒకే ఫైలు, బయటి నుంచి తెచ్చుకునేది ఏదీ లేకుండా. తెరను నాలుగు ముక్కలు చేసి నాలుగు మూతల రంగులు నింపింది. ప్రింటర్ ఇంకా లేదు కాబట్టి, రంగు నొక్కితే లేబుల్ తెర మీదే పెద్దగా కనపడుతుంది. ఇంటర్నెట్ ఆపి తెరిస్తే వెంటనే తెరుచుకుంది. టిఫిన్ డబ్బాలోని పచ్చడి నూనె కణుపుకు రాసుకుని నొక్కింది. కణుపు జారి పక్క రంగు మీద కూడా పడి లేబుల్ మారిపోయింది. ఒకసారి నొక్కాక రెండు సెకన్లు మీటలు పనిచేయకుండా కోడ్ మార్చి, మళ్లీ నూనె రాసుకుని నొక్కి చూసింది.

"రేపు పచ్చళ్లు పెరిగితే ఇది స్కేల్ అవుతుందాండీ?" అన్నాడు తేజేష్ వెనక నిలబడి.

"నాలుగు పచ్చళ్లున్నయ్. ఐదోదొస్తే ఐదో రంగేస్తా. జర లైటుకు అడ్డం లేకుంట జరుగు."

మూడింటికి షెడ్డులో తేజేష్ స్లైడ్లు తెరవబోయాడు. "అవన్నీ తర్వాత బాబూ" అన్నాడు త్రిమూర్తులు. "రాజ్యం, పది సీసాలు కానీ. ఒక్కటి తప్పినా కుదరదు."

రాజ్యం తెరను ఒకసారి కిందికీ పైకీ చూసింది. "గివి మన మూతలే గదా!" అంది. సీసా నింపి, పచ్చ మూత బిగించి, పచ్చ రంగు మీద కణుపుతో పొడిచింది. గోంగూర లేబుల్ వచ్చింది. తర్వాత ఎర్రది. తర్వాత పసుపుది. త్రిమూర్తులు ఒక్కో లేబుల్ పైకి చదువుతున్నాడు. ఏడో సీసా దగ్గర కణుపు జారింది. ఎస్తేర్ తెర మీదికి వంగింది. లేబుల్ మారలేదు. పదీ సరిపోయాయి.

"ఈవిడ రేపట్నుంచి కూడా ఈ లైనులోనే" అన్నాడు త్రిమూర్తులు. "మిగతా వాళ్లకి కూడా ఈవిడే నేర్పుద్ది."

రాజ్యం చేతులు తుడుచుకుంటూ ఎస్తేర్ వైపు తిరిగింది. "గింతదానికి మూడు వారాలా బిడ్డా?"

ఎస్తేర్ తేజేష్‌ను చూసింది. అతను ఆ స్లైడ్లనే ఇంకా వెనక్కీ ముందుకీ జరుపుతున్నాడు. టాబ్లెట్‌కు తాడు కట్టి గోడకున్న మేకుకు తగిలించి, ఛార్జర్ పెట్టి, "ఇంకో టాబ్లెట్ కొన్నా ఇదే ఏసుకోండ్రి" అంటూ ఫైలు నకలున్న పెన్‌డ్రైవ్‌ను త్రిమూర్తులు చేతిలో పెట్టింది.