లేని విమానంలో వచ్చిన పెద్దమ్మ

ఉద్యోగం దొరకడమే గగనమైన ఆ రోజుల్లో, నాకు గగనయానం గురించి రాసే పని దొరికింది. అప్పటికి నేను విమానాన్ని దగ్గర్నుంచి చూసింది లేదు. నాంపల్లిలోని కిరాయి గది నుంచి అబిడ్స్‌లోని ట్రావెల్స్ ఆఫీసుకు నడవడమే నా యాత్రానుభవం. ఆఫీసు వెబ్‌సైట్ కోసం, ఏ రెండు ఊళ్ల విమానాశ్రయాల మధ్య ఎంత దూరం, ఎంతసేపు పడుతుంది అని పేజీలు రాయాలి. మా మేనేజరు (మేము దారం సాబ్ అనేవాళ్లం, ఆయనకు తెలిసే) కంప్యూటర్‌ను నమ్మడు. గోడ మీది పటంపై ముడులు వేసిన దారాన్ని ఊరి నుంచి ఊరికి పట్టించి, ముడికి పది నిమిషాల చొప్పున లెక్క కట్టించేవాడు. కడప నుంచి రాజమండ్రికి గంటా ఇరవై నిమిషాలని నేను అలాగే రాశాను.

ఒక వానరోజు మధ్యాహ్నం కరెంటు పోయి, గదంతా మసకగా ఉన్నప్పుడు ఫోను మోగింది. ఎవరో పెద్దాయన.

"ఏవండీ, మా అక్క పొద్దున కడపలో విమానం ఎక్కిందండి. గంటా ఇరవై నిమిషాలని మీరే రాశారు. ఎక్కి నాలుగు గంటలైంది. తన ఫోను పలకట్లేదు. రాజమండ్రి ఎయిర్‌పోర్టంతా ఖాళీ. ఆకాశంలో ఏమీ లేదండి."

 ఫోను చేత్తో మూసి మేనేజరుకు చెప్పాను.

"కడప నుంచి రాజమండ్రికి సీదా విమానమే లేదు కదరా!"

"మరి టైం రాసినం కద సాబ్?"

"దూరం ఉంటే టైం రాస్తం. విమానం ఉందా లేదా అని నిన్నెవరడిగిన్రు?"

అంటే లేని విమానాన్ని ఆవిడ ఎక్కి నాలుగు గంటలైంది! ఎక్కించింది నేను. పటం వైపు చూశాను. ఫ్యాను ఆగిపోయినా, నల్లమల కొస మీదుగా వేలాడుతున్న దారం సన్నగా ఊగుతోంది. కింద రోడ్డు మీద హారన్లు కూడా వినిపించడం మానేశాయి (భయపడినవాడి చెవులకు). అంతలో చప్పుడు లేకుండా తలుపు తెరుచుకుంది. తెల్లచీర, తెల్లజుట్టు, ఒంటి నిండా నీళ్లు.

"కడప నుంచి రాజమండ్రికి గంటా ఇరవై నిమిషాలని రాసింది ఎవురు నాయనా?"

నా నోట వచ్చిన తెలివైన ప్రశ్న ఇది: "మీరు... ఉన్నారా?"

"ఉండాను కాబట్టే తడిసినా."

పక్కింటివాళ్లు మా వెబ్‌సైట్‌లోనే టికెట్ తీసిచ్చారట, హైదరాబాదులో మారాలని మాత్రం చెప్పలేదు. "దిగితే గోదారి యాడా లేదు. అడిగితే హైదరాబాదంట, రెండో ఇమానం సాయంత్రమంట. ఫోన్లో ఛార్జింగు లేదు. టికెట్టు మీద మీ అడ్రసుంటే, ఒకసారి నీ మొగం చూసి పోదామని వస్తి."

ఫోను ఆవిడ చేతికిచ్చాను.  అవతల పెద్దాయన చిన్నపిల్లాడిలా వెక్కడం నాకూ వినిపించింది. "నేను గాక దయ్యమేంరా? ఏడవొద్దు, వస్తాండా" అందావిడ. దారం సాబ్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆటోలో విమానాశ్రయం దాకా నేనే దిగబెట్టాను. దారి పొడుగునా ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు, దానికన్నా తిట్టినా బాగుండేది.

ఇప్పుడు నేనూ విమానాలు ఎక్కుతున్నాను, గంటలకొద్దీ ఎదురుచూస్తున్నాను. అప్పుడప్పుడూ కిటికీలోంచి మబ్బుల వైపు చూస్తే, కడప నుంచి రాజమండ్రికి గీత గీసినట్టు పోతున్న ఆ ఖాళీ విమానం కనిపిస్తుంది. తోలేది పాతికేళ్లయినా నిండని నేనే. నా ఎరుకలో ఇంతవరకు ఒక్కసారి కూడా ఆలస్యం కాని విమానం అదొక్కటే.