నీమా నడుము లోతు

కార్డిఫ్‌లో చలపతి ఆఫీసుకు బయల్దేరితే వాన కూడా పక్కకు తప్పుకుంటుందంటే మీరు నమ్మరు; నమ్మకండి. గోదావరి లంకల్లో పుట్టిన మనిషి కనుక వరద లోతును మాత్రం ఒంటితోనే కొలుస్తాడు. సముద్రాలవతలి దారెస్సలాం నగరంలో వరద కాలువలూ, వాటి గట్లమీద చెట్లూ ఎక్కడ రావాలో చూపే మ్యాపు కోసం ఆర్నెల్లు అక్కడి బస్తీలకు ఫోన్లు చేసి, నీళ్లు ఎవరికి ఎక్కడిదాకా వచ్చాయో అడిగి, "నీమాకు నడుము దాకా" అన్నట్టుగా రాసుకున్నాడు. మేనేజర్ విజయభాస్కర్ ఆ మ్యాపు మీద చలపతి పేరు తీసి తన పేరు పెట్టుకున్నాడు. నడుమంటే మీటరని వేసి, నీమాను చెరిపేశాడు. చలపతి చూశాడు, చెప్పలేదు. మూడు వారాలు పగను ఫ్లాస్కులో టీలాగా వేడి తగ్గకుండా మోశాడు. ఎవరూ అడక్కపోతే నీమా వాళ్ల బస్తీ ఏమవుతుందో ఆలోచించనే లేదు.

వీడియో మీటింగులో దారెస్సలాం ఇంజినీరమ్మ అడగనే అడిగింది: "ఈ వీధిలో మీటరు లోతా? ఎవరిని బట్టి కొలిచారు?"

విజయభాస్కర్ మైకు ఆపేశాడు. "చలపతిగారూ, ఎవర్ని బట్టండీ?"

"మ్యాపు మీది కదండీ, మీకే తెలియాలి."

"పరువు పోతోందండీ బాబూ!"

"మైకు పెట్టి, మ్యాపు ఎవరిదో చెప్పండి. తర్వాత చూద్దాం."

విజయభాస్కర్ మైకు పెట్టి, "ఇది చలపతిగారి మ్యాపు," అన్నాడు. చలపతి బిస్కెట్టును టీలో ముంచి, నింపాదిగా తిని, అప్పుడు కెమెరా ముందుకొచ్చాడు.

"నీమాకు నాలుగేళ్లు మేడమ్. లోతు అరమీటరే. పెద్ద కాలువ కావాల్సింది ఇక్కడ కాదు, కింది వీధికి."

"ఇకనుంచి మీతోనే మాట్లాడతాను," అందావిడ.

విజయభాస్కర్ లేవబోయాడు.

"కూర్చోండి సార్," అన్నాడు చలపతి. "నోట్సు ఎవరు రాస్తారు మరి?"