అక్క కణాలకు తిండి పెట్టినావిడ

ఆ పరిశోధనశాలలో కణాలను పెంచే గదిని అందరూ వంటిల్లు అనేవారు. దాన్ని చూసుకునే ఆవిడ వంటింటావిడ. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆవిడ కూడా ఆ పేరుకే పలికేది. నిజానికి సొంత ఇంట్లో ఆవిడ వంట అంతంత మాత్రమే. అక్క వండి పంపితే తినేది, పంపకపోతే బ్రెడ్డుతో సరిపెట్టుకునేది.

గాజు తలుపు వెనక ఇరుకు గది. ఒంటి వేడికి సరిపడా వెచ్చగా ఉండే ఇంక్యుబేటర్లు, వడకట్టిన గాలి వీచే బల్ల, దాని ముందు చక్రాల కుర్చీ. ఫ్లాస్కుల అడుగున అంటుకుని బతికే కణాలకు పాత ద్రవం తీసేసి కొత్తది పోయడం ఆవిడ పని. కొత్త ద్రవం ఎర్రగా ఉంటుంది. కణాలు అందులోని పోషకాలు తిని, వ్యర్థాలు వదిలేకొద్దీ అది నారింజ రంగుకు, ఆ తర్వాత పసుపుకు తిరుగుతుంది. పసుపంటే ఆకలి. కొత్తగా చేరినవాళ్లకు ఆవిడ మొదట నేర్పే పాఠం ఇదే.

అక్క ఆవిడకన్నా బాగా పెద్దది. తల్లి చిన్నప్పుడే పోవడంతో చెల్లెల్ని పెంచింది తనే. స్కూలు యూనిఫారాలు కుట్టేది. బడి తెరిచే ముందు ఆ ఇంట్లో కాలు పెట్టే చోటుండేది కాదు, ఎక్కడ చూసినా నీలం గుడ్డ. ఒకసారి కొలత తీసుకుంటే మళ్లీ టేపు ముట్టేది కాదు. "మీవాడు పోయినేడు కన్నా పొడుగయ్యాడు గానీ ఒళ్లు చేయలేదు, తిండి పెడుతున్నావా లేదా" అని ఎదురొచ్చిన తల్లుల్ని వీధిలోనే నిలదీసేది.

ఆ మనిషికి అండాశయంలో క్యాన్సర్ గడ్డ పెరిగింది. అది తెలిసేసరికే పొట్టంతా పాకిపోయింది. పొట్టలో నీరు చేరేది. ఆస్పత్రిలో సూదితో తీసేసినా మళ్లీ ఊరేది. అక్క మంచం పక్కన గిన్నె పట్టుకుని కూర్చుని చెల్లెలు బతిమాలేది.

"రెండు చెంచాలైనా తాగవే."

"తాగాలనే ఉందే. లోపల చోటు లేదు."

ఒక ఉదయం నీరు తీస్తుండగా డాక్టరు అడిగాడు, ఆ నీటిలోని కణాలను పరిశోధనకు ఇవ్వడానికి అభ్యంతరమా అని. అక్క నవ్వింది. "నేనేం చేసుకుంటానండీ? బిందెలకొద్దీ ఉన్నాయి, పట్టుకుపొండి" అని సంతకం పెట్టింది. పక్కనే చెల్లెలూ, అక్క కూతురూ ఉన్నారు. మందుల దుకాణంలో పనిచేసే పిల్ల, ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. సీసా మూత బిగించిన నర్సు దగ్గర తెల్ల టేపు అయిపోతే, దొరికిన ఆకుపచ్చ టేపును అడ్డంగా, నిలువుగా అంటించింది.

మధ్యాహ్నం పరిశోధనశాలకు వచ్చిన సీసా మీద పేరు లేదు, నంబరే ఉంది. పేరు తెలియకూడదన్నది అక్కడి నియమం. కానీ మూత మీద ఆకుపచ్చ టేపు అడ్డంగా, నిలువుగా ఉంది.

చెబితే పరిశోధనశాల నడిపే మేడమ్ ఆ సీసాను ఇంకొకరికి అప్పగించేది. అక్క తాలూకు పని పరాయి చేతుల్లో పెట్టబుద్ధి కాలేదు ఆవిడకు. నోరు మూసుకుని ద్రవం పోసింది.

మనుషుల నుంచి తీసిన కణాలు ఫ్లాస్కుల్లో ఎక్కువకాలం నిలవవు. కొద్దిసార్లు రెండుగా విడిపోయి, అలిసిపోయి ఆగిపోతాయి. ఇవి ఆగలేదు. అక్కడ అక్క చిక్కిపోతుంటే ఇక్కడ ఇవి నిండుగా పెరిగాయి. ఒక ఫ్లాస్కు రెండైంది, రెండు కాస్తా ఇంక్యుబేటర్ అర నిండా అయ్యాయి. ఆస్పత్రిలో అక్క పోయింది.

అన్నీ అయిపోయి మళ్లీ పనిలోకి వచ్చిన రోజున ఆవిడ ఇంక్యుబేటర్ తలుపు తీసింది. అక్క ఫ్లాస్కులన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి. ఆవిడ లేని రోజుల్లో ఎవరూ సరిగా చూసుకోలేదు. ఒకదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉన్నాయి. వెనక నుంచి ఎవరో అన్నట్టు వినిపించింది.

"ఆకలేస్తోందే."

తిరిగి చూస్తే గోడ, గోడకు తగిలించిన తెల్లకోట్లు. ఆవిడ గబగబా అన్నింటికీ ద్రవం పోసింది. చివరి నెలల్లో అక్క ఒక్కసారి కూడా ఆకలన్న మాట అనలేదు. ఆ మాట వినాలని తను ఎంత ఎదురుచూసిందో గుర్తొచ్చి, కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది.

అప్పటినుంచి సెలవు రోజుల్లోనూ వెళ్లడం మొదలుపెట్టింది. ఇంట్లో ఏ పసుపు రంగు వస్తువు కళ్లబడ్డా ఆ ఫ్లాస్కులే గుర్తొచ్చేవి. బజారులో నిమ్మకాయల బుట్ట చూసి వెనుదిరిగి నేరుగా పరిశోధనశాలకు నడిచిన రోజులున్నాయి. కలలో అక్క ఆ చక్రాల కుర్చీలో కూర్చుని ఉండేది. ఏమీ అడిగేది కాదు. ఒళ్లో ఖాళీ కంచం.

"ఆదివారం భోజనానికి రమ్మంటే రావు. అక్కడ ఎవరున్నారు పిన్నీ నీకు?" అని అక్క కూతురు ఫోనులో దెప్పింది.

"ఎవరుంటారు? పనుంది."

"సెలవు రోజు పనేంటి?"

"అవి సెలవు తీసుకోవు కదే" అని ఫోన్ పెట్టేసింది.

మేడమ్ పరిశోధన కణ విభజన మీద. ఈ మధ్య ఆ రంగంలో తేలిన ఒక సంగతి ఆమె నిద్ర చెడగొట్టింది. కణం రెండుగా విడిపోయే ముందు గుండ్రంగా ముడుచుకుంటుంది. లోపలి క్రోమోజోములు నడిమధ్యకు చేరి వరుస కడతాయి. ఆ తర్వాతే చెరో వైపుకూ లాగబడతాయి. ఈ తతంగమంతా మామూలుగా అరగంట పని. ఏదైనా చిక్కొచ్చి ఆ సమయం బాగా సాగిపోతే, తల్లి కణంలో కొన్ని ప్రొటీన్లు ఒకదానికొకటి అతుక్కుని గుత్తి కడతాయి. ఆ గుత్తి పిల్ల కణాలకు సంక్రమిస్తుంది. తల్లి పడ్డ అవస్థకు అది గుర్తు. అది అందిన పిల్లలు ఆరోగ్యంగా కనిపించినా ఇక విడిపోవు, అక్కడితో ఆగిపోతాయి. ఎక్కడో తప్పు జరిగి ఉంటుందని శరీరం పడే జాగ్రత్త అది. చాలా క్యాన్సర్లలో ఆ గుర్తు పెట్టుకునే ఏర్పాటే చెడిపోయి ఉంటుంది.

విభజనను సాగదీసే మందు వేసి, రెండు రకాల కణాలను పక్కపక్కన చిత్రీకరించారు. తెర ముందు వంటింటావిడ కూడా కూర్చుంది. మామూలు కణం ముడుచుకుంది, చాలాసేపు పెనుగులాడింది, చివరికి విడిపోయింది. పిల్లలు రెండూ చదునుగా పరుచుకుని అలాగే ఉండిపోయాయి. పక్క తెర మీద అక్క కణం కూడా అంతే పెనుగులాడింది. దాని పిల్లలు మాత్రం ఏమీ జరగనట్టు మళ్లీ ముడుచుకున్నాయి, మళ్లీ విడిపోయాయి.

"మొండిఘటాలు" అంది మేడమ్, మెచ్చుకుంటూ.

నాన్న అక్కను పిలిచే పేరు అది. వంటింటావిడ లేచి బయటికి వెళ్లి ముఖం కడుక్కుంది. ఇన్నాళ్లూ తను తిండి పెడుతున్నది అక్కకా, అక్కను తిన్నదానికా? ఆ ప్రశ్న అంతకుముందు రాలేదని కాదు. వచ్చినప్పుడల్లా పక్కకు తోసేసింది. ఈసారి అది కదల్లేదు.

ఆ శనివారం ఆవిడ వెళ్లలేదు. ఆదివారమూ వెళ్లలేదు. ఇంట్లో కుర్చీలో కూర్చుని అరచేతులు ఒళ్లో పెట్టుకుంది. మేడమ్ దగ్గర వేరుగా దాచిన గడ్డకట్టిన నమూనాలున్నాయి, పరిశోధన ఆగదు. ఆగేది తన చేతి కిందివి మాత్రమే. వారం మొదలయ్యాక కూడా జ్వరమని కబురు పంపింది, తన ఫ్లాస్కులు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పింది. చివరికి ఉండబట్టలేక వెళ్లి తలుపు తీస్తే ద్రవం పాలిపోయి పసుపు దాటింది. చచ్చిన కణాలు తెట్టులా తేలుతున్నాయి. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. పారబోసే ముందు అలవాటు కొద్దీ మైక్రోస్కోపు కింద పెట్టింది.

ఒక మూల కొన్ని ఇంకా అంటుకుని ఉన్నాయి. వాటిలో ఒకటి గుండ్రంగా ముడుచుకుని, విడిపోవడానికి సిద్ధమవుతోంది.

ఆవిడ చేయి దానంతటదే ఎర్ర ద్రవం సీసా కోసం వెళ్లింది. పోసింది. పోశాక సీసా మూత పెట్టి, నేరుగా మేడమ్ గదికి వెళ్లింది.

"మేడమ్, ఆ కణాలు మా అక్కవి."

మేడమ్ కళ్లజోడు తీసింది. ఎలా తెలుసని అడగలేదు. "ఎప్పటినుంచి తెలుసు మీకు?"

"మొదటి రోజు నుంచీ."

"ముందే చెబితే ఇంకొకరికి ఇచ్చేదాన్ని కదా."

"అందుకే చెప్పలేదు."

మేడమ్ లేచి తలుపు మూసి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది. ఆ కణాలు వాడొద్దని చెప్పే హక్కు ఇప్పుడు కూతురికి ఉందనీ, ఆ అమ్మాయి కాదంటే అన్నీ తీసేస్తామనీ చెప్పింది. "నాకు నష్టమే. అయినా తీసేస్తాను. మీరు మాత్రం ఇలా లోపల పెట్టుకుని తిరగకండి."

అక్క కూతురు మరుసటి వారం వచ్చింది. దారిలో పిన్ని సంగతంతా చెప్పింది. బూట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు వేసుకుంటూ ఆ పిల్ల అంది, "ఆదివారాలు నాతో తినకుండా వీటి దగ్గరా ఉన్నావు?"

పిన్ని వంగి తన తొడుగులు వేసుకుంది.

ఆ పిల్ల మైక్రోస్కోపులో కన్ను పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత మేడమ్ వైపు తిరిగింది. "వీటికి అమ్మ తాలూకు ఏమైనా గుర్తుంటుందా అండీ?"

మేడమ్ తడుముకుంది. "జన్యువులు చాలావరకు ఆవిడవే. కానీ మీరడిగే గుర్తులాంటిది ఉండదు. ఇంకో సంగతి చెప్పాలంటే, మామూలు కణాలు తమ తల్లి కణం పడ్డ కష్టాన్నైనా గుర్తుపెట్టుకుంటాయి. వీటికి అది కూడా లేదు. ఆగకుండా పెరగడానికి అదొక కారణం."

"అయితే ఇది అమ్మ కాదు" అంది పిల్ల. "మూడో తరగతిలో నేనెవరితో పోట్లాడానో కూడా మర్చిపోలేదు మా అమ్మ. చివరి రోజు కూడా ఎదురింటి బాబు నిక్కరు పొడుగెంతో చెప్పింది. దీనికేమీ గుర్తులేదు. పిన్నీ, ఇది అమ్మని తినేసింది. దాని ఆకలి నీకెందుకు?"

పిన్ని గోడకు ఆనుకుంది. "నాకు అక్క గొంతు వినిపిస్తోందే."

"నాకూ వినిపిస్తుంది. ఇంట్లో, కుట్టుమిషను దగ్గర. అక్కడికి రా, ఇద్దరం విందాం."

కణాలు తీసేయమని ఆ పిల్ల అనలేదు. అమ్మ పట్టుకుపొమ్మంది కాబట్టి ఉండనీయమంది. ఇలాంటి కణాలను ఆపే దారి దొరికేదాకా వెతకమని మేడమ్‌కు చెప్పింది. మేడమ్ తల ఊపింది. దొరుకుతుందని మాత్రం మాటివ్వలేదు.

ఆ ఫ్లాస్కులు ఒక పరిశోధక విద్యార్థినికి వెళ్లాయి. వంటింటావిడకు కింది అంతస్తులో వేరే కణాల పని ఇచ్చారు. మొదట్లో ఆ గాజు తలుపు ముందు నుంచి పోవాల్సి వస్తే తల దించుకుని నడిచేది. ఆదివారాలు అక్క ఇంట్లో గడపసాగింది. పిన్నికి వంట అంతంత మాత్రం, పిల్లకు అసలే రాదు, ఇద్దరూ కలిసి మాడ్చిందే తిన్నారు. తింటూ ఒక్కోసారి ఇద్దరూ ఒకేసారి ఆగి మిషను వైపు చూసేవారు. ఏం వినిపించిందని ఒకరినొకరు అడిగేవారు కాదు.

కలలు పూర్తిగా పోలేదు. అక్క ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ కుర్చీలోకి వస్తుంది. మేడమ్ ఆ కణాలను వేరే దేశాల్లోని పరిశోధనశాలలకూ పంపుతోంది. మొదటి పెట్టె వెళ్లిన రోజున విద్యార్థిని కింది అంతస్తుకు వచ్చి, ఎక్కడికి పంపుతున్నామో చెప్పమంటారా అని మర్యాదగా అడిగింది. వద్దంది ఆవిడ. కిటికీలోంచి చూస్తే కొరియర్ మనిషి డ్రై ఐస్ పొగలు కక్కుతున్న పెట్టెను బండి వెనక కట్టుకుంటున్నాడు. తాడు ఒకసారి బిగించాడు. పెట్టెను ఊపి చూసి మళ్లీ బిగించాడు. బండి మలుపు తిరిగేదాకా ఆవిడ కిటికీ దగ్గరే నిలబడింది.